యాభై బొమ్మలు

గుణుపూర్ స్టేషన్ రోడ్డులో నా కొట్టు బోర్డు
పైన ఒరియా, కింద తెలుగు.
రెండూ గుండ్రమే. దూరాన్నించి చూస్తే
ఒకే మాట రెండుసార్లు రాసినట్టుంటుంది.

లోపల అర మీద
బాగుచెయ్యమని ఇచ్చి తిరిగి రానివాళ్ల సరుకు:
మూడు మిక్సీలు, నోరు పెగలని రేడియో,
ఆరు వందలు బాకీపడ్డ కాలేజీ పిల్ల ల్యాప్‌టాప్.
మూత మీద గోటితో గీసిన పేరు, సస్మిత.
రెండు జీబీల జ్ఞాపకం. కీళ్లనొప్పుల మడత.
ఫ్యాను తిరిగిందంటే జీడిపిక్కల మిల్లు.

మూడేళ్లు చూశాను.
కరెంటుండీ గిరాకీ లేని ఒక మధ్యాహ్నం
దాని కడుపు విప్పి దుమ్ము దులిపాను,
ఎండిన పేస్టు గీకేసి కొత్తది బియ్యపుగింజంత పెట్టాను,
గాలాడాలని రెండిటుకల మీద కూచోబెట్టాను.
ఆ పైన ఎమ్యులేటర్ ఎక్కించాను.
ఎప్పుడో పోయిన మా టీవీ గేము పెట్టె
దీని ఒంటి మీదికి రావాలి.

పూనకం అంత సులువా?
విమానం లేచింది. ఆగింది. ఉలిక్కిపడి మళ్లీ లేచింది.
పాటకి నత్తి.
సెకనుకి అరవై బొమ్మలు కావాలట,
ముప్ఫై ఏడు దగ్గర చతికిలబడింది.

సరే, ఒక్కో సోకూ ఒలిచాను.
కిటికీల వెనక నీడలు తీసేశాను,
ఊరికే కూచుని కాపలా కాసే వైరస్ మందుకి సెలవిచ్చాను,
బేటరీ పొదుపు మానిపించాను,
బొమ్మని అగ్గిపెట్టెకి అన్నయ్యంత చేశాను.
నలభై నాలుగు.
నలభై తొమ్మిది.
యాభై రెండు. ఇంక కదల్లేదు,
నౌపడా నించి వచ్చే మా పాత బుల్లి రైలులాగే:
కూత బ్రహ్మాండం, పొగ బ్రహ్మాండం,
దిగి పక్కన నడిచినవాడు ముందు ఊరు చేరేవాడు.

దుఖీశ్యామ్ వచ్చాడు, టోటోకి చార్జింగ్ పెట్టుకోడానికి.
చిన్నప్పుడు రెండో రిమోట్టు వాడిదే,
క్యాసెట్టు తీసి ఉఫ్‌మని ఊదే పనీ వాడిదే.
పసుపు క్యాసెట్టు, మీద తొమ్మిది వేల ఆటలని రాసుండేది,
లోపల ఏడు.
ముఢీ నముల్తూ తెర చూశాడు.
"ఏట్రా, ఇంత బేగి పోతంది?"

బేగా!
నడవలేక చస్తుంటే బేగా?

"మన విమానం ఇలా పరిగెత్తిందేటి ఎప్పుడైనా?
ధీరే, ధీరే ఎల్లేది. పాట కూడా కూసింత బొంగురు."

అప్పటికి వెలిగింది నాకు.
మా ఇంటి టీవీ యాభై బొమ్మలది.
అరవై ఇంకెక్కడో సముద్రం అవతలి లెక్క,
ఆ వేగంతో మేం ఎన్నడూ ఆడలేదు, చావలేదు.

సెట్టింగుల అడుగున చిన్న గడి.
అరవై కొట్టేసి యాభై పెట్టాను.

నత్తి పోయింది.
బొంగురు పాట చెమ్చాలోంచి తేనె జారినట్టు.
మిల్లు గొంతు తగ్గించుకుంది.
పాపం, ఇన్ని సోకులూ ఒలిపించుకున్న ముండకి
జబ్బేమీ లేదు,
ఎవరి తొందరో తెచ్చి నెత్తిన పెట్టాను.

ఒక కీబోర్డు మీద నాలుగు చేతులు.
మూడో కొండ దగ్గర, పసుపు గద్ద ఎదురొచ్చే చోట,
ముప్ఫై ఏళ్ల కిందట చచ్చినట్టే చచ్చాడు వీడు.
ఇక్కడ దాచుకోవచ్చురా, చచ్చినా ఇక్కణ్ణించే లేవొచ్చు, అన్నాను.
"అదేం ఆట?" అన్నాడు.
మొదట్నించి మొదలెట్టాం.
బయట టోటో పచ్చలైటు ఎప్పుడు వెలిగిందో.

సస్మితా, నువ్వొస్తే నీ వస్తువు నీదే.
ఆరు వందలు ఇవ్వకు.
ఆ అడుగు గడిలో యాభై మాత్రం
మార్చకేం.