ముల్లుగర్ర

గార నుంచి కళింగపట్నం పోయే దారిలో
గోడ దొరికిన ప్రతిచోటా నా అక్షరాలే.
పాల సేకరణ కేంద్రం. పశువైద్య కేంద్రం.
శిక్షణా కేంద్రమని ఒకటుండేది, ఇప్పుడది కోళ్లఫారం,
అక్షరాలు మాత్రం ఇంకా వెలవలేదు.
రాసి రాసి
కళ్లు మూసుకున్నా 'ద్ర' దగ్గర
చెయ్యి దానంతటదే తిరుగుతుంది.

"ఆ మాట మనది కాదురా"
అన్నాడు నీలాచలం మాస్టారు.
లెక్కల మాస్టారు. రిటైరై తొమ్మిదేళ్లు.
నిచ్చెన కింద నిలబడి నా తప్పులు వెతకడమే
ఆయన సాయంత్రపు షికారు.
"మరెవులిది?"
"యవనులది. గ్రీకులది."

గ్రీకులంటే నాకు
ఏడో తరగతి పుస్తకంలో ముక్కు విరిగిన రాతి తల.
దానికి పెన్నుతో మీసం పెట్టింది నేనే.
ఆ తలకీ, ఈ ధాన్యం కొనుగోలు కేంద్రానికీ
ఏటి సుట్టరికం?

మాస్టారు నా మేకు చూపించాడు.
బొమ్మ చుట్టూ గుండ్రం గియ్యడానికి గోడకి కొట్టిన మేకు,
దానికి పురికొస, పురికొస చివర సుద్దముక్క.
"ఇదే. కెంత్రోన్ అన్నారు వాళ్లు.
అన్నీ తిరుగుతుంటే తను కదలకుండా నిలబడే మొన.
అంతకు ముందు, వాళ్లకి లెక్కలు రాకముందు,
అది ఎద్దుని పొడిచే ముల్లుగర్ర."

నిచ్చెన మీద లిప్తపాటు ఆగిపోయాను.
(లిప్త కూడా వాళ్లదేనట. ఆ సంగతి మర్నాడు చెప్పాడు.)

మా అయ్య తవిటయ్య ముల్లుగర్ర నాకు తెలుసు.
వెదురుది. కొసన చెప్పులు కుట్టే మేకు.
ఎర్రెద్దు కుడి తొడ మీద
మానని చుక్క ఒకటుండేది.
అయ్య పొడిచేవాడు కాదు, ఊరికే ఆనించేవాడు,
చాలు తిన్నగా వచ్చేది.
పొద్దు గూకేక అదే చోట
వేలితో పసుపు అద్దేవాడు.

ఏ తవిటయ్య చేతిలోంచి లాక్కున్నాడో
ఆ దేశపు పంతులు,
ఇసకలో గుచ్చి తాడు కట్టడానికి!

"ఓడలో వచ్చిందా మాస్టారూ, మన రేవుకి?"
"కాదురా. చుక్కల లెక్కల్లో వచ్చింది.
జాతకాలు రాసేవాళ్లు ఎత్తుకొచ్చి
సంస్కృతంలో కూచోబెట్టారు.
పంచాంగంలో హోర ఉందే, అదీ అంతే."
"మరి భాగవతం ఆటలో తెర? యవనిక?"
"అంటారు. కొందరు కాదంటారు.
తెలీనిది తెలీదని రాసుకోవాల."

శాలిహుండం కొండ మీద ఇటుక గుండ్రాలున్నాయి.
చిన్నప్పుడు వాటి మీద పరిగెట్టి దెబ్బలు తిన్నాం.
అక్కడా ఎవడో మేస్త్రీ
మధ్యలో మేకు కొట్టి, తాడు పట్టుకుని
వెనక్కి వెనక్కి నడిచి ఉంటాడు.
వాడు దాన్ని ఏమని పిలిచాడో
వంశధారని అడగాలి.

ఇంతకీ అసలు సంగతి.
నేను రాస్తున్న గోడ కింద
బస్తాలు మూడు రోజులుగా ఉన్నాయి.
వాటి మీద మా అయ్య.
నిన్న తేమ ఇరవై రెండన్నారు. ఇవాళ ఇరవై.
పదిహేడుకి రావాల.
మబ్బు చూస్తే సముద్రం మీంచి లేస్తోంది.
మిషను పట్టుకున్న కుర్రాడు భోజనానికెళ్లాడు,
ఏ హోరలో వస్తాడో
పంచాంగంలో లేదు.

"ఏటి రాసినావురా, అంతంత అచ్చరాలు?"
అయ్యకి చదువు రాదు.
"ముల్లుగర్ర" అన్నాను.
నవ్వుతాడనుకున్నాను.
నడుం మీద చెయ్యి పెట్టి తడుముకున్నాడు.

మాస్టారు ఎటో చూశాడు.
గొడుగు విప్పి, మళ్లీ ముడిచాడు.

మేకు పీకేశాను.
గుండ్రం బాగానే కుదిరింది,
నడిమధ్యన గింజంత చిల్లు.
లప్పం తడిపేలోగా
అయ్య బస్తాల మీంచి లేచొచ్చి
గోడ ఎంతదో చూసి
ఆ చిల్లు మీద వేలు ఆనించాడు,
పసుపు ఉన్నట్టే.