నవంబరు ముప్పై ఒకటి

పొద్దున ఆరింటికి వంతెన గదిలో దీపం వేసి
కెటిల్ పెట్టకముందే బల్లకేసి చూస్తాను.
రాత్రి డ్యూటీ దిగేముందు హెస్సెల్
ఎనిమిది చెక్క ముక్కల్నీ చెదరగొట్టి వెళ్తాడు,
కోళ్ళకి నూకలు జల్లినట్టు.

పలక మీద పన్నెండు నెలలు, ముప్పై ఒక్క అంకె.
ముక్కలన్నీ పరిస్తే నలభై ఒక్క గడి మూసుకుపోయి
రెండే తెరుచుకుని ఉండాలి:
ఇవాళ్టి నెల, ఇవాళ్టి తేదీ.
చెప్పడానికి ఇంతే.

ఒకటి వడ్రంగి మూలమట్టం.
ఒకటి మెట్టు, ఎక్కినా ఎటూ చేరనిది.
ఒకటి తొట్టి,
దాని నోట్లో ఏదో ఒకటి పెట్టేదాకా ఊరుకోదు.
ఇటుకని మాత్రం నేను నమ్మను.
ఎక్కడ పెట్టినా బుద్ధిగా కూచుంటుంది.
అది కూచున్నది ఇంకొకరి చోటని
చివర్లో గానీ తెలీదు.

కింద కాలవలో హారన్ మోగుతుంది.
చేతిలో ముక్క చేతిలోనే.
ఎర్ర లైటు, గేటు, మీట.
రోడ్డు లేచి నిలబడుతుంది.
సైకిళ్ళవాళ్ళు ఒంటికాలు నేలకానించి గొణుగుతారు.
గాలం కర్రకి కట్టిన చెక్కబూటుని
పడవ మీదికి దించుతాను,
అందులో రెండు యూరోలు పడతాయి.
ఇసక పడవ నడిపే ఫ్రౌకె డబ్బు వేస్తూ అడుగుతుంది,
"పడిందా ఇవాళ?"
"తొట్టి ఒక్కటే మిగిలింది."
"దాన్ని మే నెల మీద బోర్లించు" అంటుంది,
పలకని ఒక్కసారైనా చూడని మనిషి.
ఒక్కోసారి నిజంగానే పడుతుంది.

అక్టోబరు ఆరు మాత్రం నా కొంప ముంచింది.
మూడు పడవలు దాటాయి, ఒక్క ముక్కా ఒదగలేదు.
ఒదిగిన క్షణాన వంతెన దించడం మరిచాను.
నాలుగు నిమిషాలు.
ఆ ఫిర్యాదు ఉత్తరం ఇంకా గోడకే ఉంది,
వెనకవైపు ఆనాటి జవాబు గీసి పెట్టుకున్నాను.

హెస్సెల్, నేనూ కలిసేది మధ్యాహ్నం రెండింటికి,
అతను కోటు విప్పేలోగా నేను తొడుక్కుంటాను.
నేను పేర్చింది చూసి "ఊఁ" అంటాడు.
సాయంత్రం దాన్ని కూల్చి
అదే తేదీకి ఇంకో దారి వెతుకుతాడు,
లాగ్‌బుక్కు అంచున పెన్సిల్‌తో నిమిషాలు రాస్తాడు.
వాళ్ళావిడ ఆసుపత్రిలో ఉన్న వారం ఆ అంచు ఖాళీ.
తొమ్మిదేళ్ళలో అతని గురించి నాకు తెలిసింది
అదీ, మూలల్నుంచి మొదలెడతాడనీ.

సెప్టెంబరులో ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.
డిసెంబరు నుంచి వంతెనకి కెమెరా కన్ను,
నలభై కిలోమీటర్ల అవతల తెర ముందు ఎవరిదో వేలు.
"మిమ్మల్ని తీసేయడం లేదు, జరుపుతున్నాం" అని రాశారు.
ముక్కల భాష వాళ్ళకీ వచ్చన్నమాట.

డిసెంబరు ఒకటిన తాళాలు అప్పజెప్పడానికి వెళ్ళాను,
కెటిల్ నాది, అదీ తెచ్చుకోవాలి.
బల్ల మీద నూకలు లేవు.
పలక నిండా పేర్చి ఉంది.
ఒకటో తేదీ తెరిచాడేమో అనుకుని వంగి చూశాను.
రెండో వరసలో నవంబరు.
అట్టడుగు వరసలో మూడో గడి,
ముప్పై ఒకటి.

ఏ జాబితాలోనూ ఎవరి డ్యూటీ వేయని రోజు.
ఏ పడవా హారన్ కొట్టని రోజు.
లాగ్‌బుక్కు అంచున పెన్సిల్‌తో:
"రెండు గంటల పదిహేను నిమిషాలు.
చాలా మొండిది."

కెటిల్ సంచిలో వేసుకున్నాను.
పలకని రెండు చేతులా పట్టుకున్నాను, ముక్క కదలకుండా.
సైకిలు తొక్కే వీల్లేదు, అక్కడే వదిలి నడిచాను.
గేటు దగ్గరికి వచ్చేసరికి ఎర్ర లైటు.
గదిలో ఎవరూ లేరు, రోడ్డు దానంతటదే లేచింది.
కింద ఫ్రౌకె, అలవాటుకొద్దీ
నాణెం పట్టుకుని కిటికీ వైపు చూస్తోంది.

పక్కన రొట్టెల బుట్టతో ఒక కుర్రాడు
పలకలోకి తొంగిచూశాడు.
"ఇవాళ డిసెంబరు కదండీ?"

"ఆగు నాయనా, వంతెన దిగనీ,
నడుస్తూ చెబుతాను."