గమనికల గడి

చెట్టుకి మేం వేసేది ఒక్కటే అంకె.
బెరడు ఒలిచిన ఏడాదిలోని చివరి అంకె,
మొండెం మీద తెల్లరంగుతో.
తొమ్మిదేళ్లదాకా నన్ను ముట్టుకోకండని
చెట్టు తరఫున చెప్పే మాట.
అది చదవడం నాకెవరూ నేర్పలేదు,
సావ్ బ్రాస్ కొండల్లో పుడితే చాలు.

సోమవారం వచ్చిన సాఫ్ట్‌వేర్
మోపుకి పద్నాలుగు అంకెలు అడుగుతోంది.

నేర్పడానికి లిస్బన్ నుంచి ఒకబ్బాయి వచ్చాడు.
ఉన్నది నలభై నిమిషాలు,
అందులో ఇరవై మా యజమానితో కాఫీ.
మిగతా ఇరవైలో మౌస్ అతని చేతిలోనే ఉంది.
"చాలా సులువు దియోలిందా గారూ,
వాడుతుంటే అదే తెలిసిపోతుంది" అని కారెక్కాడు.
ఆ అదే ఏదో
ఆరు వారాలుగా వెతుకుతున్నాను.

నా వేళ్లకి తెలిసింది వేరు.
ఉడికి ఆరిన బెండు పలకని బొటనవేలితో నొక్కితే
ఇది సీసా బిరడాకి, ఇది గోడకి, ఇది పొడికి
అని వేలే చెప్పేస్తుంది.
ఇరవై ఆరేళ్ల లెక్కల పుస్తకాల్లో
ఎక్కడ కొట్టివేత ఉన్నా పక్కన నా పొడి సంతకం ఉంటుంది.
ఇక్కడ తప్పుకి సంతకం లేదు, ఎర్రచుక్క ఉంది.
"తప్పనిసరి గడి ఖాళీగా ఉంది."
ఏ గడో చెప్పదు.
అలిగిన మనిషి,
ఎందుకలిగిందో మనమే కనుక్కోవాలి.

ఏదో నొక్కాను ఒకరోజు.
గోదాములో మైనస్ పన్నెండు మోపులు మిగిలాయి.
ఫోర్క్‌లిఫ్ట్ ఆపి వచ్చాడు వాల్దెమార్,
తెర వంక చూసి,
"లేని ఆ పన్నెండూ ఏ మూల పేర్చమంటావు?" అన్నాడు.
ఇద్దరం పడీపడీ నవ్వాం.
ఇంటికెళ్లి సూప్ కలుపుతుంటే మాత్రం
గరిటె చేతిలోనే ఆగిపోయింది.

జూన్ చివర్లో, ఎవొరా శాఖకి పంపిన సరుకు రసీదు,
నంబరు 4471.
అట్టడుగున ఎవరూ నింపని గడి ఒకటి: గమనికలు.
అందులో ఎవరో రాశారు,
"సేవ్ నొక్కే ముందు తేదీ చెరిపి
మళ్లీ అదే తేదీ కొట్టండి
ఎందుకని అడక్కండి
ఎర్మీనియు"

చెరిపాను. అదే తేదీ కొట్టాను.
ఎర్రచుక్క లేదు.

కిందనే రాశాను: "మైనస్ పన్నెండుకి మందుందా?"
మర్నాడు పొద్దున:
"నాకు మైనస్ రెండొందలు
సర్దుబాటు అని ఉంటుంది, దానికి ముందు తాళం తీయాలి
తాళం ఇతరాల్లో ఉంది"
ఇంటి తాళాన్ని ఇతరాల్లో పెట్టుకునే వాళ్లని
నేనెక్కడా చూడలేదు.

అతని గొంతు నాకు తెలియదు.
ఫుల్‌స్టాప్ పెట్టడని తెలుసు.
మధ్యాహ్నం రెండు తర్వాతే రాస్తాడని,
ఒకసారి మూడు రోజులు రాయలేదని,
తిరిగొచ్చి "దంతం" అని ఒక్క మాట రాశాడని తెలుసు.
నేనూ ఊరికే లేను.
బరువులో చుక్క పెట్టకు, కామా పెట్టు అన్నాను,
లేకపోతే నీళ్లమీద తేలే సరుకు
ఓడని ముంచేంత బరువెక్కుతుంది.
ఆగస్టులో మూడో మనిషి దూరాడు:
"పోర్తెల్ నుంచి. ప్రింటర్ సంగతి ఎవరికైనా తెలుసా?"

అక్టోబరులో లిస్బన్ అబ్బాయి మళ్లీ వచ్చాడు.
"భలే పట్టేశారే, నేను చెప్పలేదూ!" అన్నాడు.
చెప్పాడు, నిజమే.
వరసగా కిందికి జరుపుతూ పోయి
ఒకచోట ఆగాడు.
"ఈ 4471 ఏమిటి?
సున్నా మోపులు, సున్నా యూరోలు,
నాలుగు నెలలుగా తెరిచే ఉంది. మూసేస్తున్నాను."

మొదటిసారి మౌస్ మీద,
అతని చెయ్యి మీదుగా, నా చెయ్యి వేశాను.
"వద్దు. ఇంకా చేరలేదు."
"ఏది చేరలేదు?"

పోర్తెల్ వాళ్లకి ప్రింటర్ సంగతి
ఇంకా రాయనే లేదు.