రోలుకు తెలియనిది

రాత్రి డ్యూటీ దిగేసరికి
అసున్సియోన్ ఇంకా ఆవులిస్తూ ఉంటుంది.
ఆసుపత్రి గేటుకు ఎదురుగా, పసుపు గొడుగు కింద
న్యా దెయోలిందా రోకలి ఒక్కటే
అప్పటికే మాటల్లో పడి ఉంటుంది.
దబ్. దబ్. దబ్.
ఎవరి కడుపునొప్పో, ఎవరి పోయిన నిద్రో
ఆ కొయ్య రోట్లో నలుగుతుంటుంది.

పేరడగదు. నాడి పట్టదు.
"ఏమైంది?" అంటుంది, అంతే.
బస్సు డ్రైవర్ విల్ఫ్రీదో నడుం పట్టుకుని చెబుతాడు:
నీళ్ళు తాగితే బండి ఆపాలి,
అందుకే తాగను,
ఇప్పుడు పోస్తుంటే నిప్పు.
గుర్రంతోక గడ్డి రెండు కణుపులు తుంచి
మొక్కజొన్న పీచు చిటికెడు కలిపి దంచుతుంది.
"ఆకు చేసేది సగమే. మిగతా సగం నీళ్ళది.
బండి ఆపు.
జనం కాసేపు తిట్టుకుంటే అరిగిపోవులే."

పరీక్షంటే పొట్ట తిప్పే పిల్లకు పుదీనా.
తిన్నది గుండెల మీదే కూర్చున్న గుమాస్తాకు
బొల్దో ఆకు, ఒక్కటంటే ఒక్కటే:
"ఎక్కువైతే కాలేయానికి కోపమొస్తుంది."
రాత్రంతా ట్యూబులైట్లను కళ్ళలో మోసుకొచ్చిన నాకు
నిమ్మవాసన వేసే సెద్రోన్ రెమ్మ,
గుప్పెడు సీమచామంతి పూలు.

చదువుకున్నదాన్ని. మొదట్లో నవ్వేదాన్ని.
మోతాదు లేదు, గడువు తేదీ లేదు,
పైగా ఇసుక లారీల దుమ్ము.
జనవరి ఎండల్లో, వరసగా పదకొండు పగళ్ళు
రెప్ప వాలనప్పుడు
సిగ్గు చంపుకుని ఆ బల్ల ముందు నిలబడ్డాను.
"మరిగే నీళ్ళు పోసి మూత పెట్టు.
మధ్యలో తీసి చూడకు,
దాని ప్రాణమంతా ఆవిరిలోనే."
మూత పెట్టాను.
పక్కనే ఏ పనీ లేకుండా కూర్చున్నాను,
పది నిమిషాలు.
అలా కూర్చుని ఎన్నేళ్ళయిందో.
పూలు చేసిందెంత, ఆ పది నిమిషాలు చేసిందెంత,
తేల్చే యంత్రం మా ల్యాబులో లేదు.
నిద్ర మాత్రం పట్టింది.

పొద్దెక్కితే వేడి పోయి మంచునీళ్ళు వస్తాయి.
ఒకటే కొమ్ము, ఒకటే గొట్టం,
వార్డు ఊడ్చేవాడి నుంచి కాపలావాడికి,
వాడి నుంచి ఎవరో రోగి తమ్ముడికి.
ఇక్కడ థాంక్స్ అంటే
ఇక నాకు చాలు అని అర్థం.
అందుకే ఎవరూ తొందరపడి అనరు.
అంటువ్యాధుల పాఠం చెప్పే నేను
ఆ గుండ్రంలో నోరు మూసుకుంటాను,
తాగడానికి తెరిచేదాకా.

ఆగస్టు చలిలో ఒక పొద్దున
ఇటుకబట్టీ సెనోన్ వచ్చాడు.
అజీర్తి అన్నాడు, ముందే రెండువేల గ్వారానీలు బల్ల మీద పెట్టాడు.
ఆమె చెయ్యి బొల్దో కట్ట దాకా వెళ్ళి
ఆగింది.
అంత చలిలో అతని నుదుట చెమట.
ఎడమచేతిని కుడిచేత్తో మోస్తున్నాడు,
అది వేరొకరిదైనట్టు.
రోకలి ఆగితే ఆ వీధి ఎంత నిశ్శబ్దమో
నాకు ఆరోజే తెలిసింది.
"నిమియా! ఇది నా రోలుకు తెలియని జబ్బు.
పట్టుకెళ్ళు, పరుగెత్తు!"

బతికాడు.
మూడు వారాలకు తిరిగొచ్చి
తన రెండువేలు తనకిమ్మన్నాడు,
ఆకు ఇవ్వలేదు కదా అని.
ఇచ్చేసింది. ఇద్దరూ ఎంత నవ్వారో,
నవ్వొద్దన్న డాక్టరు మాట అతనికి మధ్యలో గుర్తొచ్చింది.

నిన్న, ఎవరూ లేని సమయం చూసి
ఆకుకట్టల అడుగు నుంచి రేకు డబ్బా తీసింది.
అందులో రక్తపోటు బిళ్ళలు.
"ఎవరికీ చెప్పకు, బేరం పోతుంది" అని,
గొంతు తగ్గించి అడిగింది:
"ఇవి వేసుకునేవాళ్ళు ఏ ఆకు తాగకూడదు?"

చదువుకున్నదాన్ని. నాకు తెలియదు.
డాక్టర్ని అడిగి రేపు చెబుతానన్నాను.
సరేనంది. నా పూలు కాగితంలో చుట్టిచ్చి,
డబ్బా దాచి,
వెనకాల నిలబడ్డ మనిషి వైపు తిరిగింది.
"ఏమైంది?"