ఒక కొమ్ము ఎక్కువ

షీల్డు మీద పేరు తప్పు పడింది.
'ఏటిగట్టు' అని ఉండాలి,
'ఏటిగుట్టు' అని ఉంది.
పంతొమ్మిదేళ్ళుగా ప్రూఫులు దిద్దేదాన్ని,
అన్ని చప్పట్ల మధ్యా
నాకు కనపడింది ఆ ఒక్క కొమ్మే.

వేదిక మీద దానియేలు గారికి శాలువా కప్పుతున్నారు.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక ఆయన
జేబులో పెన్ను తడుముకుంటున్నారు.
వక్త గారు మూడుసార్లు 'నాలుగో స్తంభం' అన్నారు.
మా ఆఫీసుకి స్తంభాల్లేవు.
రాజోలు బస్టాండు వెనక, టైర్ల కొట్టు మీద
ఒక గది, ఒక ఫ్యాను,
వానొస్తే ఒక బకెట్టు.

శనివారం శనివారం నాలుగు పేజీలు.
పంటు ఏ రోజు నడవదో,
కాలవ ఎప్పుడు కట్టేస్తారో,
అంబాజీపేటలో వెయ్యి కాయ ఎంత పలికిందో.
రెండో పేజీలో ఎవరు పోయారో.
(నవ్వుతున్న ఫోటోనే వెయ్యమంటారు ఇంటివాళ్ళు,
బతికున్నన్నాళ్ళూ నవ్వుతుంటే ఎవరూ తీసుండరు.)
మూడో పేజీలో
ఎవరి రొయ్యల చెరువు ఉప్పు
ఎవరి నూతిలోకి దిగిందో, ఇంటిపేర్లతో సహా.
ఆ వారం ప్రకటనలు ఆగిపోయేవి.
ఆ వారం ఆయన టీ మానేసేవారు,
నాకు మాత్రం తెప్పించేవారు.

నాలుగో పేజీ అడుగున, ఏటా వరద తీశాక,
అగ్గిపెట్టంత డబ్బా ఒకటి:
'వైనతేయ ఒడ్డు నుంచి
గెల్లా మేరీమణి గుమ్మానికి దూరం.'
అంతే. వ్యాఖ్య ఉండదు.
నూట నలభై గజాలు.
నూట పది.
డెబ్బై మూడు.
డెబ్బై మూడు, ఆ ఏడు గోదారికి ఏం జాలేసిందో.
నలభై.

ఏట్లో కలిసిన కొబ్బరితోటకి పరిహారం అడగబోతే
'అక్కడ భూమి ఉన్నట్టు రుజువేది?' అన్నాడట ఆఫీసరు.
నీళ్ళని చూపించి నేల అంటే ఎవరు నమ్ముతారు?
మేరీమణి సంచీలోంచి మా పేపరు ముక్కలు తీసి
బల్ల మీద వరసగా పరిచిందట,
పద్నాలుగు.
ఒకదాని వెనక ఎవరిదో పెద్దకర్మ,
ఒకదాని వెనక సబ్బు ప్రకటన.
కళ్ళజోడు పెట్టుకుని అన్నీ చదివాడట.
ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది.
కానీ ఆ మర్నాడే పంటెక్కి వచ్చింది
ఆరు కొబ్బరికాయలు సంచీలో వేసుకుని:
'మీ పేపరు చూసి
నన్ను కుర్చీలో కూచోమన్నాడండి.'

ఆ మాట సన్మానపత్రంలో లేదు.

తిరుగు బస్సులో షీల్డు చూపించాను.
'చూశానమ్మా. దిద్దుదాం.'
'షీల్డునాండీ?'
'ఆయ్. పేపర్లో.'
రావులపాలెం దాటాక, చీకట్లోకి చూస్తూ అన్నారు:
'అయినా, అంత తప్పేం కాదులే.'

శనివారం సవరణ వేశాం, రెండు లైన్లు:
'మనకిచ్చిన జ్ఞాపికలో గుట్టు అని పడినది.
గట్టు అని చదువుకోగలరు.'

దాని కిందే డబ్బా.
టేపు ఒక కొస గుమ్మంలో మేరీమణి పట్టుకుంది,
రెండో కొసతో నేను ఒడ్డు దాకా నడిచాను.
కాలి కింద మట్టి తడిసిన బెల్లంలా జారింది.
'ఎంతమ్మా?' అని వెనకనించి దానియేలు గారు కేకేశారు.

పదకొండు.

అంకెల్లో వేశాను, అక్షరాల్లోనూ వేశాను.
ప్రూఫు మూడుసార్లు చూశాను.
ఎక్కడా తప్పు లేదు.
ఈ ఒక్కసారికి
ఉంటే బావుణ్ణనిపించింది.