నూటికి ఒకటైనా

అరెకీపా ఊరి చివర, పరిశోధనశాల వెనక,
అల్పాకాకి గడ్డి వెయ్యడం నా కొలువు.
సుమాక్ అని పేరు పెట్టింది నేనే.
మెడ నిక్కించి, లోకమంతా తన పాలేరన్నట్టు చూస్తుంది.
నచ్చకపోతే మొహాన ఉమ్ముతుంది,
డాక్టర్లయితే కాస్త గురి చూసి.

మూడు వారాలకోసారి ఎల్మిరా వస్తుంది,
ఎల్మిరా చోకె. ఆ ఇంటిపేరుకి
మా తాతల మాటలో బంగారమని అర్థం.
ఎవరి పొట్టలోనో పెరిగిన కణితి ఆనవాలు
చుక్కంత, సూదిలో తెచ్చి
సుమాక్ మెడ పక్కన గుచ్చుతుంది.
నేను అరచేతిలో ఉప్పు నాకిస్తుంటాను.
"దీనికి జబ్బు రాదు సతుర్నీనో,
దొంగ మొహం చూపిస్తున్నామంతే.
దీని నెత్తురు ఆ మొహాన్ని మరిచిపోదు."

ఆ మరిచిపోకపోవడానికే యాంటీబాడీ అని పేరట.
మనుషుల దాంట్లో సగం కూడా ఉండదట అల్పాకాది.
అందుకే పెద్దవి పట్టని సందుల్లో దూరుతుందట.
నన్నూ అందుకే ముందు దింపారు సొరంగంలోకి,
తొమ్మిదేళ్లప్పుడు.

అవును, బంగారం తవ్విన వాణ్ణి.
పైన, గాలి కూడా అరువు తెచ్చుకోవలసిన ఎత్తులో
ముప్పై రోజులు జీతం లేని పని,
ముప్పై ఒకటో రోజు భుజం మోసినంత రాయి మనది.
అందులో మెరుపుందో, ఉత్త బండేనో
దేవుడికి తెలీదు, మేస్త్రీకి తెలుసు.

ఒకనాడు ఎల్మిరా గాజుగొట్టం ఎత్తి చూపించింది.
"ఇదేంటో చెప్పు?"
ద్రాక్షసారా, అన్నాను.
"బంగారం."
ఎవరికి చెబుతోంది!
"చిన్నది చేస్తూ పో సతుర్నీనో,
వెంట్రుక మందాన్ని వేల వంతులు చేసి
అందులో ఒక్క వంతుకి దిగేసరికి
పసుపు వదిలేసి ఎర్రబారుతుంది."

ఆ ఎరుపు మా ఎవులోహియా మణికట్టు మీద చూశాను.
గురివిందలాంటి వైరూరో గింజ, నల్లచుక్కతో,
దిష్టి తగలకుండా కట్టుకునేది.
దిష్టి తగల్లేదు.
కణితి, చేతికి తగిలేసరికే నిమ్మకాయంత.

ఎర్ర బంగారానికి సుమాక్ జ్ఞాపకాన్ని కట్టి
ఎలుక తోకనరంలోకి వదులుతారు.
దొంగ కనబడితే చుట్టూ మూగాలి,
బొమ్మలో చుక్కై తేలాలి,
వెలుగు పెడితే వేడెక్కి కాల్చాలి.
కాగితం మీద అంతా బానే ఉంది.

మొన్న చీకటి పడ్డాక వచ్చి గడ్డిమోపు మీద కూలబడింది.
"అంతా లివర్ తినేసింది.
కణితి దాకా చేరింది నూటికి ఒకటి కూడా లేదు.
నాలుగేళ్లు! కొండను తవ్వి ఎలుకను పట్టాను."

నాకు నవ్వాగలేదు.
బస్తా రాయి దంచి, పాదరసంలో పిసికితే
మాకెంతొచ్చేదనుకున్నావు తల్లీ?
లక్షకి ఒక్క రవ్వ మిగిలితే
ఆ రాత్రి వీధంతా సారా.
నూటికి ఒకటి దొరికే గనైతే
నా పళ్లన్నీ బంగారమే అయ్యుండేవి.

నవ్వలేదు. కాసేపాగి నవ్వింది.
ఆ తర్వాత ఎందుకో అడిగింది,
"నిమ్మకాయకి ముందు ఎంత ఉండి ఉంటుంది?"
ఆవగింజంత. నువ్వుగింజంత. అంతకు ముందు
పోల్చడానికి గింజే లేనంత.
"అప్పుడైతే ఆ ఒక్కటీ చాలేమో" అంది,
నాతో కాదు.

సుమాక్ మెడ చాచి ఆమె కోటు మీద ఉమ్మింది.
తుడుచుకోకుండానే లోపలికి పోయింది.
దీపం వెలిగింది.
రేపటికి ఉప్పు తీసిపెట్టాను.