ఏరా

వాళ్ల భాషలో మంచు అని అర్థం.
పెరంబూరు మే నెలలో, తడిపిన తువ్వాలు
కిటికీకి కట్టుకుని కూర్చున్న ఇంట్లో
ఎమ్రిస్ ఆ మాట అన్నప్పుడు
ఒక్క క్షణం నిజంగానే చల్లబడ్డాను.

పలకడం తేలికే: ఏరా.

అమ్మ చేతిలో ఉగ్గుగిన్నె ఆగిపోయింది.
"ఆడపిల్లని పట్టుకుని ఏరా ఏమిటే?
రేపు బళ్లో హాజరు పిలిస్తే
తిట్టినట్టుండదూ?"

వేల్స్ నుంచి ఫోన్లో అత్తగారు:
"మా వీధిలోనే ముగ్గురున్నారమ్మా.
గొర్రెపిల్లలకి కూడా పెడుతున్నారు ఈ మధ్య."
నవ్విందో, నిట్టూర్చిందో.
సిగ్నల్ సరిగ్గా లేదు.

కార్పొరేషన్ ఆఫీసులో గుమాస్తా
ఇంగ్లీషు అక్షరాలు నాలుగూ కూడబలుక్కుని
"ఈరమా?" అన్నాడు.
తమిళంలో తడి.
మంచు కరిగితే అంతేగా అనుకుని
నేను దిద్దలేదు. ఫారం మడిచి తెచ్చేసుకున్నాను.

"ఒక వై కలిపితే?" అంటాడు ఎమ్రిస్.
"చివర హెచ్?"
కలిపిన ప్రతి అక్షరానికీ
పిల్ల కొంచెం కొంచెం ఎవరి పిల్లో అయిపోతోంది.
తెలుగులో రాసి చూపించాను,
రెండంటే రెండక్షరాలు,
తప్పు రాయడానికి చోటే లేదు.
అతను వాటిని బొమ్మల్లా చూశాడు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
పిల్ల గుక్కపట్టింది.
చీకట్లో విసనకర్ర చప్పుడు, అమ్మ గొంతు:
"ఏరా... ఏరా నా తల్లీ, ఉక్కపోస్తోందా?"
ఏడుపు ఆగింది.

అమ్మ కూడా ఆగింది.
విసనకర్ర మాత్రం ఆగలేదు.

పొద్దున్న ఫారం తీసి చూస్తే
పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది,
మూలన ఉగ్గు మరకతో.